పేరొకరిది, పని ఒకరిది: ‘కరెంట్ యూజర్’ను తెలుగులో ఏమందాం?

మాది కర్నూలు. ఐబీఎం ఐ (ఐబీఎం వాళ్ల ఒక ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లు చూసుకునే పని నాది. కొత్తగా చేరిన పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయినాను.

బయటి ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే దారులు ఓడీబీసీ, జేడీబీసీ. వాటి గుండా వచ్చే పనిని ‘క్యూజెడ్‌డీఏఎస్‌ఓఇనిట్’ (QZDASOINIT) అనే జాబులు చూస్తాయి. జాబు అంటే ఇక్కడ ఉత్తరం కాదు, సర్వర్ లోపల నడిచే ఒక పని. మనిషి రాకముందే కొన్ని లేచి సిద్ధంగా ఉంటాయి. తెర మీద అన్నింటికీ యూజర్ పేరు ఒకటే, ‘క్యూయూజర్’ (QUSER). లోపల మాత్రం ఒకటి స్టోర్సు గుమాస్తా పని చేస్తుంటుంది, పక్కది అకౌంట్స్ మేడం పని. ఒక్కో జాబు డిఫాల్టుగా 200 కనెక్షన్ల దాకా చూసి తప్పుకుంటుంది. కాబట్టి పొద్దున ఉన్న మనిషి మధ్యాహ్నానికి మారిపోవచ్చు. ఆ లోపలి మనిషే ‘కరెంట్ యూజర్’. నేను ‘ప్రస్తుత వాడుకరి’ అని రాస్తే ఒక అమ్మాయి, “సార్, అయితే క్యూయూజర్ పాత వాడుకరా?” అనింది. తప్పు ఆ పిల్లది కాదు, నా మాటది.

“ఈ జాబు ఎవరి తరఫున నడుస్తోంది?” అని మార్చితే ఎట్లుంటుంది?

అనంతపురం నుంచి జవాబు:
బాగుందన్నా. తరఫు అరబీ మాట, ఉర్దూ గుండా మనకొచ్చింది. అసలర్థం పక్క, దిక్కు. పెండ్లికొడుకు తరఫు వాళ్లు అంటాం కదా, అదే. మా నాయన దస్తావేజులు రాసేవాడు. ముక్తారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే సంతకం ఒకరిది, భూమి ఒకరిది. ‘తరఫున’ అన్న మాట తప్పకుండా పడిందా లేదా అని రెండుసార్లు చదివేవాడు. మరి ఏ జాబు వెనక ఎవరున్నారో ‘ట్రేస్ చేయడం’ ఏమని రాసినావు? అన్వేషణ అని మాత్రం వద్దు, బరువు.

కర్నూలు నుంచి:
‘జాడ తీయడం’ అని రాసినాను తమ్ముడూ. తప్పిపోయిన ఎద్దును గిట్టల గుర్తులు పట్టుకుని వెతికినట్టే ఇదీ. మనం వెతికే మనిషి యూజర్ ప్రొఫైల్ (సర్వర్లో ఆ మనిషి ఖాతా) మీద లాకులు చూపే డబ్ల్యూఆర్‌కేఓబీజేఎల్‌సీకే (WRKOBJLCK) కమాండ్ ఇస్తే, ఆ ప్రొఫైల్‌ను పట్టుకున్న జాబులు వరుసగా వస్తాయి. ఒకదాని జాబ్‌లాగ్ (ఆ జాబు మెసేజీల చిట్టా) తెరిస్తే, ఏ క్లయింటు నుంచి ఎవరు కనెక్టయినారో చెప్పే మెసేజి ఉంటుంది. అదే గిట్ట గుర్తు.

నోట్సులో ‘ప్రస్తుత వాడుకరి’ తీసేసి ‘తరఫున’ అని దిద్దేసినాను. ‘లాక్’ను మాత్రం లాక్ అనే ఉంచినాను. తాళం అంటే మూసేసినట్టు వినబడుతుంది, ఇక్కడ జాబు ప్రొఫైల్‌ను పట్టుకుని ఉంటుంది, అంతే. ‘పట్టు’ అని రాయొచ్చా?