పాత జీపు వెనుక డిఫరెన్షియల్: సెట్టు మాత్రమే మార్చాలా, హౌసింగ్‌తో సహా మార్చాలా?

ప్రశ్న (రాపూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఇప్పటికీ మా నిమ్మతోట పనులకు నడుస్తోంది. రెండు నెలలుగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనుక నుంచి సన్నని ఊళ వినిపిస్తోంది. కాలు తీస్తే తగ్గుతోంది. మొన్న వెనుక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తిని పంచే పళ్ల చక్రాల పెట్టె) మూత విప్పి చూడగా అడుగున గ్లాసెడు ఆయిల్ కూడా లేదు, ఉన్న దానిలో గోరంతేసి ఉక్కు పెచ్చులు కనిపించాయి, క్రౌన్ వీల్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) పళ్లు రెండు అంచుల దగ్గర విరిగిపోయి ఉన్నాయి. పాత బళ్ల విడిభాగాలు అమ్మే చెన్నై పుదుపేట నుంచి పాత హౌసింగ్ (పళ్ల చక్రాలుండే ఇనుప గుల్ల) లోపలి భాగాలతో సహా మొత్తం తెచ్చి బిగిస్తే ఒక్క రోజు పని అని మా మెకానిక్ అంటున్నారు. క్రౌన్, దానిని తిప్పే చిన్న పళ్ల చక్రం టెయిల్ పినియన్, ఈ రెండింటి సెట్టు మార్చితే చాలని మరొకరి మాట. ఏది మేలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (ఒంగోలు నుంచి)

ఏది తెచ్చినా ముందు పళ్లు లెక్కపెట్టండి. పాత విల్లీస్ నమూనా జీపులలో క్రౌన్‌కు 43, పినియన్‌కు 8 పళ్లున్నవి ఉన్నాయి, అంటే నిష్పత్తి 5.38; 39, 8 పళ్లున్నవీ ఉన్నాయి, వాటిది 4.88. పైకి రెండు హౌసింగులూ ఒకేలా కనిపిస్తాయి. నేను చూసుకోకుండా 4.88 తెచ్చి వెనుక బిగించాను, ముందుది 5.38. మామూలు రోడ్డు మీద బండి చక్కగా నడిచింది కనుక వానాకాలం దాకా తప్పు బయటపడలేదు. చీమకుర్తి క్వారీ దారిలో ఫోర్ వీల్ వేసిన రోజున స్టీరింగ్ బిగుసుకుపోయింది, లివర్ వెనక్కి రాలేదు. నూరు మీటర్లు సాగేసరికి వెనుక చక్రాలు ముందువాటికన్నా పది మీటర్లు ఎక్కువ తిరగాలని లాగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె) ఎంతకని ఓర్చుకుంటుంది? పుదుపేటలో మూత విప్పి చూడనివ్వకపోతే ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని, రెండవ దానిని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (పినియన్‌ను తిప్పే పొడవాటి కడ్డీ) ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్కతో గుర్తుపెట్టి చూడండి. ఆ చుట్ల సంఖ్యే నిష్పత్తి.

సమాధానం (నెల్లూరు ఆటోనగర్ నుంచి)

మీ హౌసింగ్ వంగకుండా, పగలకుండా ఉంటే నా ఓటు కొత్త సెట్టుకే. ఎవరో అరగదీసి వదిలేసిన దానిని డబ్బిచ్చి కొనడం నాకు నచ్చదు. అయితే క్రౌన్, టెయిల్ పినియన్ జతగానే కొనాలి. ఒక సెట్టులోని పినియన్‌ను మరొక సెట్టులోని క్రౌన్‌తో కలపకూడదు. బేరింగులన్నీ అప్పుడే మార్చండి. యాక్సిల్ గొట్టాల లోపలి దాకా కిరోసిన్‌తో కడగండి, లేకుంటే మిగిలిన పెచ్చులు కొత్త బేరింగులను తినేస్తాయి. పాత షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) పారేయకండి, కొలత అక్కడినుంచే మొదలవుతుంది. పళ్ల మధ్య ఆట 0.15 నుంచి 0.20 మి.మీ. ఉండేలా డయల్ గేజ్‌తో (సన్నని కదలికను కొలిచే సాధనం) సరిచూసి, పళ్లకు రంగు పూసి తిప్పినప్పుడు ఆ ముద్ర పంటి నడుమన పడుతోందో లేదో మీరే దగ్గర నిలబడి చూడండి. చేత్తో కదిపి ‘సరిపోయింది’ అనే మెకానిక్‌కు ఈ పని ఇవ్వకండి.

ఇంకొక మాట. పళ్లు విరగడం కన్నా ముందు ఆయిల్ పోయింది. అది ఎటు పోయిందో తేల్చకుండా సెట్టు మార్చితే ఏడాదిలో మళ్లీ ఇదే పని. హౌసింగ్ పైనున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) విప్పి ఊది చూడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చుట్లు లెక్కపెట్టాను, ముందూ వెనుకా అయిదు చుట్లు దాటి మూడో వంతుకు కొంచెం పైన ఆగింది, కనుక 5.38 అనే అనుకుంటున్నాను. బ్రీదర్ విప్పితే లోపల కందిరీగ పెట్టిన మట్టి గూడు ఉంది, గట్టిగా ఊదినా గాలి పోలేదు. వేడికి పెరిగిన ఒత్తిడి పినియన్ సీలు గుండా ఆయిల్‌ను బయటికి తోసినట్లుంది, ఎందుకంటే సీలు చుట్టూ మట్టి జిడ్డుగా పేరుకుని ఉంది. హౌసింగ్ ఆలోచన మానుకుని సెట్టు, బేరింగులు, సీళ్లు తెప్పిస్తున్నాను. డయల్ గేజ్ ఉన్న మెకానిక్ పొదలకూరులో దొరికారు, వచ్చే ఆదివారం పని మొదలు.