టాక్రోలిమస్ (మార్చిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే చేతులు వణుకుతున్నాయి, డోసు తగ్గించొచ్చా?

నాన్నకి కిడ్నీ మార్చి 3 నెలలైందండి, మా అత్తే ఇచ్చింది. ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలికిపోతోంది, చొక్కా గుండీలు నేనే పెడుతున్నా, పైగా ఎప్పుడూ లేని షుగర్ వచ్చింది. ఒక పూట మాత్ర ఆపి చూద్దామా?

— వద్దండీ, దయచేసి ఆపొద్దు, రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) వస్తే ఆ కిడ్నీయే పోతుంది. రక్తంలో ఈ మందు ఎంతుందో చూసే లెవెల్ టెస్ట్ చేయించండి. రక్తం పొద్దున మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి, మేం ఒకసారి వేసుకుని వెళ్లాం, లెవెల్ ఎక్కువ చూపించి మళ్లీ చేయించాల్సొచ్చింది. అందుకే ఇప్పుడు మాత్ర జేబులో పెట్టుకుని వెళ్తాం, సూది గుచ్చాక వేసుకుంటాం. నాకు డాక్టరే డోసు తగ్గించారు, వణుకు మెల్లగా తగ్గింది.

— షుగర్ కూడా ఈ మందుతో, స్టెరాయిడ్‌తో వస్తుంది, డాక్టర్‌కి చెప్పండి. విరేచనాలైతే లెవెల్ పెరుగుతుంది, వెంటనే ఫోన్ చేయండి. ఫంగస్‌కిచ్చే ఫ్లూకోనజోల్‌తోనూ అంతే. నొప్పులకి ఐబూప్రోఫెన్ అసలొద్దు. పంపరపనస కూడా పెట్టకండి.

— అయ్యో, మొన్న విరేచనాలయ్యాయి, ఎవరికీ చెప్పలేదు! రేపే తీసుకెళ్తా అండి.