అప్‌డేట్: జర్మనీ, జపాన్ పార్టీలతో కొత్తవాడ దర్రీల బేరం

వరంగల్ కొత్తవాడ దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) కొనే జర్మనీ, జపాన్ పార్టీలతో మెయిళ్లు, మాటలు ఎట్ల నడపాలని మొన్న అడిగిన. జవాబులిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. పనికొచ్చినవి ఇవి.

అసలు గడబిడంత అంకెలతోనే. జర్మనీల కామా, చుక్క మనకు ఉల్టా. మనం 1,200 అని రాస్తే వాళ్ల లెక్కల అది 1.2, వెయ్యిన్ని రెండు వందలకు వాళ్లు 1.200 అని రాస్తరు. అందుకే కొటేషన్‌ల రెండూ పెట్టకుండ 1200 అని రాసి, పక్కన అక్షరాల్ల కూడ రాయాలె. సైజు సెంటీమీటర్లల్ల ఇయ్యాలె: 4×6 అడుగుల దర్రీ అంటే 122×183. చేతిమగ్గం మీద అంత కచ్చితంగ రాదు, ఎంత తేడా ఒప్పుకుంటరో ఆర్డర్‌లనే రాయించుకోవాలె.

మనం 'పదిహేను రోజుల్ల అయిపోతది' అంటే ఉజ్జాయింపు. జర్మనోళ్లకు అది మాట ఇచ్చినట్టే. వానకాలం రంగద్దిన నూలు తొందరగ ఆరదు, ఆ రోజులు ముందే కలిపి తేదీ చెప్పాలె. ఆలస్యమయ్యేటట్టుంటే గడువు దాటకముందే మెయిల్ పెట్టాలె. 'రంగు బాలేదు' అని మొహం మీద అంటే అది కోపం కాదు, బేరం నడుస్తున్నట్టే.

జపాన్‌ల 'పరిశీలిస్తం' అంటే చానసార్లు కాదనే. నిజంగ పరిశీలిస్తే వాళ్ల కంపెనీల ఫైలు కిందోళ్ల నుంచి పైవాళ్ల దాక తిరగాలె. రోజూ ఫోన్ చేసి తొందరపెడితే పని చెడుతది.

టైము: జపాన్ మనకన్న మూడున్నర గంటలు ముందు. జర్మనీ ఎండకాలం మూడున్నర, చలికాలం నాలుగున్నర వెనక.

శాంపిల్ కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఇంకా తేలలే. తెలిసినోళ్లు చెప్పుండ్రి.