‘కణ అస్థిపంజరం’ అనవచ్చా?

ఇంటర్ విద్యార్థుల కోసం కణం గురించి వ్యాసం రాస్తున్నాను. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే లోపలి అల్లిక అయిన సైటోస్కెలిటన్‌ను కొందరు ‘కణ అస్థిపంజరం’ అంటున్నారు. నాకు ఆ మాట మింగుడుపడటం లేదు. అస్థి అంటే ఎముక. ఇక్కడ ఉన్నవి ప్రోటీను పోగులు. పైగా అస్థిపంజరం అనగానే బిగుసుకుపోయిన ఆకారం గుర్తుకొస్తుంది. ఇంతకన్నా మంచి మాట ఉందా?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదేనండి. చేప పొలుసు మీది చర్మకణాన్ని గాజుపలక మీద ఉంచి సూక్ష్మదర్శినిలో చూడండి, పాకుతూ పోతుంది. ముందు అంచున ఆక్టిన్ అనే ప్రోటీను అణువులు ఒకదానికొకటి అతుక్కుని, 7 నానోమీటర్ల మందం గల పోగులై కణపొరను నెడతాయి. వెనకవైపు పోగులు విడిపోతాయి. విడిపోయిన అణువులే మళ్లీ ముందు అంచున పనికొస్తాయి. మన తెల్లరక్తకణం సూక్ష్మజీవిని తరిమేదీ ఆక్టిన్ బలంతోనే.

ఇక సూక్ష్మనాళికలు. ఇవి ట్యూబ్యులిన్ అనే ప్రోటీనుతో కట్టిన బోలు గొట్టాలు, వ్యాసం 25 నానోమీటర్లు. ఒక నాళిక పెరుగుతుండగానే పక్కది ఉన్నట్టుండి కుదించుకుపోతుందని 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మొక్క వేరులో కణం లావెక్కకుండా పొడవుగా సాగాలంటే సెల్యులోజు పోగులు దాని చుట్టూ అడ్డంగా పడాలి. ఆ దిశ చూపేవి సూక్ష్మనాళికలే. మన పెరటి బిళ్ళగన్నేరులో దొరికే విన్‌క్రిస్టిన్ అనే పదార్థం ట్యూబ్యులిన్‌ను పట్టుకుని నాళికలు కట్టుకోకుండా చేస్తుంది. దాంతో కణవిభజన ఆగిపోతుంది. పిల్లల రక్తక్యాన్సర్‌కు అది మందయింది ఇందుకే. నరాల్లో సరుకు రవాణాకూ నాళికలే ఆధారం కనుక ఆ మందుతో వేళ్లు తిమ్మిరెక్కడమూ ఉంది.

ఇంతలా కట్టుకుంటూ విప్పుకుంటూ ఉండేదానికి మేస్త్రీల ‘పరంజా’ ఎంత చక్కటి మాట! ‘కణపరంజా’ అందాం.

మరో జవాబు: పరంజా అందంగానే ఉంది కానీ, అది గోడకు బయట ఉంటుంది, పని కాగానే తీసేస్తారు. ఇవి లోపలే ఉండి నెడతాయి, లాగుతాయి. పైగా మూడో రకమైన కెరటిన్ పోగులను మరచిపోయారు. అవి ఆక్టిన్‌లా క్షణక్షణం విడిపోవు. చర్మకణాలు ఒత్తిడికి చిరిగిపోకుండా కాపాడేవి అవే. ‘కణతంతుజాలం’ అంటే మూడు రకాలూ ఇముడుతాయి.

అడిగినవారు: కెరటిన్ సంగతి చెప్పాక పరంజాను వదులుకోక తప్పదు. ‘కణతంతుజాలం’ అనే రాస్తాను. మొదటిసారి వచ్చినచోట పక్కనే సైటోస్కెలిటన్ అనీ ఇస్తాను, పరీక్షల్లో పిల్లలు తడబడకుండా.