నడుస్తూ విన్న ఉపన్యాసం చదువు కిందికి వస్తుందా?

సాగరతీరం (ఉదయం 7:50)
నేను విశాఖపట్నంలో ఒక గోదాములో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. మూడేళ్ళుగా ప్రతి ఉదయం బీచ్ రోడ్డు మీద యాభై నిమిషాలు నడుస్తూ, సాంకేతికతకూ సమాజానికీ ఉన్న సంబంధం గురించి పండితులు చేసిన ప్రసంగాలు వింటున్నాను. తెల్లవారుజామున ఆ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వరు కాబట్టి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచినా భయం లేదు. కృత్రిమ మేధ గురించి కంప్యూటర్ శాస్త్రవేత్త స్టూవర్ట్ రస్సెల్ 2021లో బీబీసీ రేడియోకు ఇచ్చిన నాలుగు రీత్ ఉపన్యాసాలు అలాగే విన్నాను. ఆధార్ గురించి న్యాయ పరిశోధకురాలు ఉషా రామనాథన్, రేషను దుకాణంలో వేలిముద్ర పడక ఉత్త సంచితో వెనుదిరిగినవారి గురించి ఆర్థికవేత్త రీతికా ఖేరా చెప్పిన మాటలూ నడకలోనే విన్నాను. మొన్న ఒక శుభకార్యంలో ఈ సంగతి చెబితే, మా పెద్దలలో ఒకాయన "నడిచేవాడు నడవాలి, చదివేవాడు కూర్చోవాలి" అని అందరి ముందూ నవ్వారు. అప్పటినుంచి మనసులో ఒక ముల్లు గుచ్చుకుని ఉంది. ఇలా వినడం వల్ల నిజంగా ఏమైనా ఒంటబడుతుందా, లేక చదివామన్న తృప్తి మాత్రమే మిగులుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నిద్రమత్తు (ఉదయం 8:15)
నేను ఇటువంటి ఉపన్యాసాలు రాత్రి పడుకునే ముందు వింటాను. నిద్ర మాత్రం బాగా ఒంటబడుతోంది.

సుద్దముక్క (ఉదయం 9:05)
ముప్పై రెండేళ్ళు డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని, కాబట్టి నా మాట కాస్త కటువుగా ఉంటే మన్నించండి. వినడం వృథా అని నేను అనను. మన దేశంలో చదువంతా ఒకప్పుడు చెవి ద్వారా వచ్చినదే. అయితే గురువు ఎదుట కూర్చుని విన్న శిష్యుడు మర్నాడు పాఠం అప్పజెప్పవలసి వచ్చేది, తప్పితే మళ్ళీ చెప్పవలసి వచ్చేది. మీ చేత అప్పజెప్పించుకునేవారు ఎవరు? యాభై నిమిషాల ప్రసంగంలో ఇరవై నిమిషాలు మీ దృష్టి అలల మీదో, ఎదురుగా వచ్చే మనిషి మీదో ఉంటుంది, ఆ ఇరవై నిమిషాలలో ఏమి జారిపోయిందో మీకు తెలిసే దారి లేదు. పుస్తకమైతే జారిన చోటికి కన్ను తనంతట తానే వెనక్కి వెళుతుంది. ఒక చిన్న పరీక్ష పెడతాను. అమెరికా రాజనీతి పండితుడు లాంగ్డన్ విన్నర్ 1980లో "వస్తువులకు రాజకీయాలు ఉంటాయా" అని ప్రశ్నిస్తూ రాసిన వ్యాసంలో వంతెనల కథ ఒకటి ఉంది, ఈ రంగంలో దానిని ఎత్తని ప్రసంగం అరుదు. ఎక్కడా చూడకుండా ఆ కథ చెప్పండి.

సాగరతీరం (ఉదయం 10:20)
చూడకుండానే రాస్తున్నాను మాస్టారూ. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో రాబర్ట్ మోజెస్ అనే అధికారి, పార్కులకూ సముద్రతీరానికీ వెళ్ళే రహదారుల మీద తొమ్మిది అడుగుల ఎత్తులో వంతెనలు కట్టించాడు. పన్నెండు అడుగుల బస్సు వాటి కింద దూరదు. కార్లు ఉన్న తెల్లవారు జోన్స్ బీచ్‌కు హాయిగా వెళ్ళారు, బస్సుల మీద ఆధారపడిన పేదలకూ నల్లజాతివారికీ ఆ దారి మూసుకుపోయింది. ద్వేషాన్ని చట్టంలో రాయనక్కరలేదు, సిమెంటులో రాసినా చాలు అన్నది నాకు అర్థమైన సారాంశం. ఇది నేను రెండేళ్ళ క్రితం నడుస్తూ విన్నది. నేటికీ ఫ్లైఓవర్ కింద నుంచి వెళ్ళేటప్పుడల్లా గుర్తుకు వస్తుంది.

సుద్దముక్క (ఉదయం 11:00)
నేను అనుకున్నదే జరిగింది. విన్నర్ తొమ్మిది అడుగులు అన్నది రోడ్డు అంచు దగ్గర కొలత. అక్కడి వంతెనలు చాలావరకు కమాను ఆకారంలో ఉంటాయి, నడుమ ఎత్తు ఎక్కువ. ఆ "అంచు దగ్గర" అన్న రెండు మాటలూ మీ చెవిలో పడలేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 1999లో బెర్న్‌వార్డ్ యోర్గెస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త ఈ కథ మీదనే తిరుగు ప్రశ్న వేశారు. ఆ పార్కువేల మీద, అంటే మీరు చెప్పిన ఆ రహదారుల మీద, బస్సులకూ లారీలకూ వంతెనలతో పని లేకుండానే నిషేధం ఉండేదని, తీరానికి వేరే దారులూ ఉన్నాయని ఆయన చూపించారు. అదే సంవత్సరం స్టీవ్ వూల్గర్, జెఫ్ కూపర్ అనే మరో ఇద్దరు సామాజికశాస్త్రవేత్తలు, జోన్స్ బీచ్‌కు బస్సులు వెళ్ళేవని చూపే సమయపట్టికను ముందు పెట్టారు. మీరు విన్న ప్రసంగంలో ఈ రెండో సగం లేదా, లేక ఆ సమయానికి మీరు కొబ్బరిబొండం తాగుతున్నారా?

సాగరతీరం (ఉదయం 11:25)
అంచు దగ్గర తొమ్మిది అడుగులే అయినప్పుడు బస్సు పైభాగం అంచుకు తగలదా? కొలత ఎక్కడిదైతేనేమి, బస్సు ఆగిందా లేదా అన్నది కదా విషయం.

సుద్దముక్క (ఉదయం 11:40)
బస్సు ఆగినది వంతెన వల్లనా, నిబంధన వల్లనా అన్నదే విషయం. వంతెన వల్ల అంటే విన్నర్ వాదన నిలుస్తుంది, నిబంధన వల్ల అంటే కథ మిగిలి వాదన కూలుతుంది. మీరు కథను మాత్రమే ఇంటికి తెచ్చుకున్నారు. నడకలో వినేవారికి కథలే మిగులుతాయి, వాటిని పట్టి నిలిపే షరతులు మిగలవు అన్నదే మొదటినుంచీ నా ఆరోపణ.

వేపచెట్టు (మధ్యాహ్నం 12:10)
అడిగినది నడక గురించి. మీరిద్దరూ వంతెన కిందే ఆగిపోయారు.

పలనాటి పిల్లగాలి (మధ్యాహ్నం 12:35)
ఒకే సమయంలో రెండు పనులు కుదరవని తెలుగువారు అనడం వింతగా ఉంది. అష్టావధానంలో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి అడుగుతారు, ఒకరు గంటలు కొడతారు, ఇంకొకరు సందర్భం లేని ప్రసంగంతో తిక్కరేపుతారు. ఎనిమిది వైపులా మనసు పెట్టి పద్యం చెప్పే జాతికి, కాళ్ళు ఆడిస్తూ ఒక ప్రసంగం వినడం కష్టమా?

సుద్దముక్క (మధ్యాహ్నం 1:15)
ఆ పోలిక నా పక్షానికే పనికొస్తుంది. అవధానికి ఏళ్ళ తరబడి సాధన ఉంటుంది, చివర ధారణలో అన్ని పద్యాలూ పొల్లుపోకుండా అప్పజెప్పవలసి ఉంటుంది. పృచ్ఛకులు ఎదుటనే కూర్చుని ఉంటారు, తప్పు దొర్లితే సభలోనే పట్టుకుంటారు. ఇయర్‌ఫోన్లలో పృచ్ఛకుడు ఎక్కడ ఉన్నాడు?

తునికాకు (మధ్యాహ్నం 2:30)
మాది నిజామాబాదు జిల్లా. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది, ఆమె పక్కన ఎప్పుడూ రేడియో మోగుతూ ఉండేది. వ్యవసాయం నుంచి వైద్యం దాకా ఆమెకు తెలిసినదంతా చాట ముందు కూర్చుని విన్నదే. కేరళలోని కన్నూరులో బీడీ కార్మికులు తమలో ఒకరి చేత పత్రిక చదివించుకుంటూ పనిచేసేవారు. క్యూబాలో చుట్టల కార్ఖానాలలో 1865 నుంచే ఈ పద్ధతి ఉంది, చదివేవారికి కార్మికులే తమ కూలిలోనుంచి డబ్బు ఇచ్చేవారు. చేతులకు పని ఉన్నవారికి చెవే బడి. కూర్చుని చదివే తీరిక ఉన్నవారు ఆ బడిని చిన్నచూపు చూడడం నాకు నచ్చలేదు.

సుద్దముక్క (మధ్యాహ్నం 3:05)
నేను చిన్నచూపు చూడలేదు. కన్నూరులో విన్నదాని మీద పక్కవారితో వాదించుకునేవారు. మీ ఉదాహరణలో నలుగురు మనుషులు ఉన్నారు, సాగరతీరం గారి నడకలో ఒక్కరే ఉన్నారు.

సాగరతీరం (మధ్యాహ్నం 3:20)
వాదన కోసమే కదా ఇక్కడికి వచ్చాను. వచ్చిన ఫలితం చూస్తూనే ఉన్నారు.

సుద్దముక్క (సాయంత్రం 4:40)
మాటకు మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెబుతాను. మా ఊరి కళాశాల మైదానంలో పదకొండేళ్ళుగా ఏడుగురం కలిసి నడిచేవాళ్ళం. పత్రికలో వచ్చిన ప్రతి విషయం అక్కడ చీలికలు పీలికలు అయ్యేది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చిన వారం, మేము ఆ ఒక్క విషయం మీదే ఆరు రోజులు పోట్లాడుకున్నాం. మా జట్టులో రైస్ మిల్లు నడిపే ఆయన ఆ రోజు వేసిన ప్రశ్నకు నేను ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ఏడుగురిలో ఇద్దరమే మాట్లాడుకుంటూ నడుస్తున్నాం. మిగిలినవారిలో ఒకరు ప్రవచనం వింటారు, ఒకరు షేర్ల విశ్లేషణ వింటారు, ఒకరు మీలాగే పెద్దపెద్ద ఉపన్యాసాలు వింటారు. నిన్న నమస్కారం పెడితే ఒకాయన చెవి చూపించి ముందుకు సాగిపోయారు. సమాజం గురించి వింటూ, పక్కన నడిచే సమాజానికి చెవి చూపించడం ఏ రకమైన చదువో మీరే చెప్పండి.

మూడో బ్లాకు (సాయంత్రం 5:30)
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. సుద్దముక్క గారూ, మీ ఏడుగురిలో ఆడవారు ఎందరు? నేను హైదరాబాదులో మా అపార్టుమెంటుకు దగ్గరలోని పార్కులో నడుస్తాను. ఇయర్‌ఫోన్లు లేని రోజులలో నాకు దొరికిన సంభాషణ ఏమిటంటే, "ఒక్కరే వచ్చారా, సారు రాలేదా" అన్న ప్రశ్న, బరువు తగ్గడానికి ఒక సలహా, కొన్నిసార్లు వెనుక నుంచి వినబడే పాట. పార్కు గట్టు మీద మీవంటి పెద్దల జట్టు ఒకటి ఉంది. ఒకరోజు వారు గ్యాసు రాయితీ బ్యాంకు ఖాతాలోకి రావడం గురించి మాట్లాడుకుంటుంటే, మా పనిమనిషికి ఖాతా అనుసంధానం కాక పడిన అవస్థ చెప్పబోయాను. ఒకాయన చిరునవ్వుతో "అమ్మా, మీరు నడవండి" అన్నారు. నడుస్తున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఎవరూ పలకరించరు, నేను జవాబు చెప్పనందుకు ఎవరూ నొచ్చుకోరు. ఇంట్లో కుక్కరు కూత, పిల్లల బాక్సులు మొదలయ్యేలోపు నాకు దొరికే ముప్పై అయిదు నిమిషాలు అవే. వాటిలో ఏమి వినాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఎవరికో అప్పజెప్పాలా?

నిద్రమత్తు (సాయంత్రం 5:45)
ఈ మాటకు నా దగ్గర హాస్యం లేదు.

సుద్దముక్క (సాయంత్రం 6:30)
మీ పార్కులో జరిగినది తప్పే. మా జట్టులో ఆడవారు లేరు, రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. అయినా తలుపు వేసుకోవలసి రావడం వేరు, తలుపు వేసుకోవడమే చదువు అనుకోవడం వేరు. ఉర్సులా ఫ్రాంక్లిన్ అనే లోహశాస్త్రవేత్త 1989లో కెనడా రేడియోలో మాసీ ఉపన్యాసాలు ఇచ్చారు. ఎదుటి మనిషి జవాబు ఇచ్చి, ఆ జవాబుకు మనం మారే వీలు ఉన్నప్పుడే దానిని సంభాషణ అనాలని, యంత్రం నడుమకు వచ్చేకొద్దీ ఆ ఇచ్చిపుచ్చుకోలు తగ్గిపోతుందని ఆమె వాదన. నేను పొద్దుటినుంచీ చెప్పబోయి వంతెన దగ్గర చిక్కుకున్నది ఆ మాటే.

సాగరతీరం (రాత్రి 8:10)
ఆ మాటను ఆమె రేడియోలోనే చెప్పారు మాస్టారూ, అదీ ఆలోచించండి. మీరు పొద్దున "అప్పజెప్పించుకునేవారు ఎవరు" అని అడిగారు. చెబుతాను. మా నాన్న పోయాక డిప్లొమాతోనే చదువు ఆపాను. తరువాత దూరవిద్యలో డిగ్రీకి చేరి, ఆదివారం తరగతిలో ఒకసారి ప్రశ్న అడిగాను. గోదాములో మా ప్రతి కదలికనూ చేతిలోని స్కానరు కొలుస్తుంది, దీనిని పర్యవేక్షణ అనాలా నిఘా అనాలా అన్నది ఆ ప్రశ్న. ఆ అధ్యాపకుడు "సిలబస్‌లో ఉన్నది అడుగు" అని కూర్చోబెట్టారు, తరగతి అంతా నవ్వింది. పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ పైనుంచి నిర్దేశించే సాంకేతికత మనుషులకు విధేయతను అలవాటు చేస్తుందని ఫ్రాంక్లిన్ అదే ఉపన్యాసాలలో చెప్పారు. నా ప్రశ్నకు మొదటిసారి జవాబు దొరికినది అక్కడ, నడుస్తూ ఉండగా. అప్పజెప్పించుకునే గురువులను చూశాను, నాకు ఆపితే ఆగే గురువే నయం.

సుద్దముక్క (రాత్రి 8:45)
మన తగాదా వినడం గురించీ నడవడం గురించీ కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఆపితే ఆగేవాడు గురువు కాడు. మిమ్మల్ని ఆపేవాడు గురువు. ఆ ఆదివారం మిమ్మల్ని ఆపినాయన దుర్మార్గంగా ఆపాడు, అందుకని మిమ్మల్ని ఎవరూ ఎప్పటికీ ఆపకూడదని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. నేను కూడా తరగతిలో కొందరిని కూర్చోబెట్టాను. ఎవరిని, ఏ ప్రశ్నకు అన్నది ఈ సాయంత్రం నుంచి గుర్తు తెచ్చుకుంటున్నాను.

మూడో బ్లాకు (రాత్రి 9:00)
ఆపేవారు ఎప్పుడూ ఒకే రకం మనుషులై ఉండడం గురించి కూడా గుర్తు తెచ్చుకోండి.

తునికాకు (రాత్రి 9:20)
ఈ చర్చకు సరిపోయే సంగతి ఒకటి. 1979 జూలైలో సోనీ సంస్థ అమ్మిన మొట్టమొదటి వాక్‌మన్‌కు, అంటే వెంట తీసుకెళ్ళి వినే చిన్న క్యాసెట్ యంత్రానికి, హెడ్‌ఫోన్ల రంధ్రాలు రెండు ఉండేవి. ఒకరే వినడం మర్యాద కాదేమోనని ఆ సంస్థ అధిపతి అకియో మొరీటా సందేహించారు. ఒక మీట నొక్కితే పాట తగ్గి పక్కవారి మాట వినిపించేది. తరువాతి నమూనాలలో ఆ ఏర్పాటు పోయింది.

సాగరతీరం (మర్నాడు ఉదయం 7:40)
ఈ రోజు విన్నర్ గురించిన ఆ ప్రసంగాన్నే మళ్ళీ పెట్టుకుని నడిచాను. "రోడ్డు అంచు దగ్గర" అన్న మాట అందులో ఉంది, నేనే వదిలేశాను. యోర్గెస్ పేరు మాత్రం చివరిదాకా రాలేదు, అది ప్రసంగించినవారి లోపం. అయినా మాస్టారూ, బస్సు ప్రతిసారీ అంచు వదిలి నడుమకు జరిగి పోవలసి వస్తే ఆ దారిలో రోజూ బస్సు నడిపేది ఎవరు?

సుద్దముక్క (ఉదయం 8:05)
ప్రశ్న బాగుంది. కాని ఆ దారిలో బస్సులకే అనుమతి లేదని నిన్ననే చెప్పాను. మళ్ళీ మొదటికి వచ్చారు.