ల్యాబ్‌లో మౌస్ ఎప్పుడూ ఆ కొద్దిమంది పిల్లల చేతిలోనే ఉంటోంది, ఏం చేయాలి?

లెక్కల టీచర్:
అందరికీ నమస్తే. మా ఎనిమిదో తరగతికి వారానికి ఒక్కటే కంప్యూటర్ పీరియడ్. పిల్లలు 40 మంది, పనిచేసే కంప్యూటర్లు 11. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు రాగానే మౌస్ అందుకుంటారు, మిగతావాళ్లు వెనక నుంచి తొంగి చూస్తుంటారు. మొన్న ఒకమ్మాయిని నీ పేరు టైప్ చెయ్యమ్మా అన్నాను. చూపుడువేలు కీబోర్డు మీద గాల్లోనే తిరిగింది, అక్షరం కనిపించాక కూడా నొక్కకుండా నా వైపు చూసి "పాడైపోతే ఎలా టీచర్?" అంది. ఏడాదిగా ల్యాబ్‌కి వస్తున్న పిల్ల! ఆ రోజంతా మనసు బాలేదు. కొత్త మెషీన్లు అడిగాం, ఎప్పుడొస్తాయో తెలీదు. ఈలోపు ఏం చేయొచ్చో చెప్పండి.

ల్యాబ్ మేడమ్:
మాకూ ఇదే గొడవ ఉండేది టీచర్ గారూ. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇద్దరు కలిసి ఒకే మెషీన్ మీద పనిచేసే పద్ధతి ఉంది కదా, పెయిర్ ప్రోగ్రామింగ్ అంటారు, దాన్నే పట్టుకున్నాను. ఒకరు కీబోర్డు దగ్గర, పక్కవాళ్లు ఏం చేయాలో చెప్పాలి, పది నిమిషాలకోసారి బెల్ కొట్టగానే మారిపోవాలి. తెలిసినవాళ్లు నోటితోనే చెప్పాలి, చెయ్యి పెట్టకూడదు, ఇది మాత్రం గట్టిగా పట్టించుకోండి. మొదటి వంతు ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లకి ఇవ్వండి. అయితే ఎవరింట్లో లేదో క్లాసులో చేతులెత్తించి అడగొద్దు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. చీటీ రాయించుకుంటే చాలు.

పాత హార్డ్‌వేర్:
మెషీన్లు వస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకోకండి. పెరూలో పిల్లలకి పెద్దఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో మార్కులేమీ పెరగలేదని తేలింది. పంచడం దండగ అని నా ఉద్దేశం కాదు, దాంతో ఏం చేయించాలో టీచర్‌కి ముందు నేర్పాలి అంటున్నాను. కంప్యూటర్ అక్కర్లేని పాఠాలూ ఉన్నాయి. 16, 8, 4, 2, 1 చుక్కలున్న ఐదు అట్టలు ఐదుగురికిచ్చి నిలబెట్టండి, అట్ట చూపిస్తే ఒకటి, తిప్పేస్తే సున్నా. 0 నుంచి 31 దాకా ఏ అంకె అడిగినా, కనిపించే చుక్కలు కలిపితే అంత వచ్చేలా వాళ్లే పేర్చేస్తారు. బైనరీ, అంటే కంప్యూటర్ వాడే ఒకటి, సున్నాల లెక్క, వచ్చేసినట్టే.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇంటి సంగతి కూడా చూడండి టీచర్ గారూ. ప్రపంచం మొత్తమ్మీద 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదని యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ కలిసి 2020లో లెక్క తేల్చాయి. అలాంటప్పుడు హోంవర్క్ ఆన్‌లైన్‌లోనే పంపాలంటే ఎలా? ఫోన్ ఒక్కటే ఉన్న ఇంట్లో, అది తీసుకుని అమ్మానాన్నా పనికెళ్తే ఆ పిల్లలు ఏం చేస్తారు? బడి అయ్యాక ఒక గంట ల్యాబ్ తెరిచి ఉంచండి. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా, కొలిబ్రి అనే దాంతో పాఠాలు నెట్ ఉన్నచోట ముందే దించిపెట్టుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా చూసుకోవచ్చు, రెండూ ఉచితమే.

లెక్కల టీచర్:
అందరికీ థాంక్స్. ఇవాళ చీటీలు రాయించి, బెల్ పెట్టి చూశాను. మొదటి పది నిమిషాలు గోల గోల, ఒకబ్బాయి రెండుసార్లు మౌస్ లాక్కోబోతే పక్కకి కూర్చోబెట్టాను. ఆ అమ్మాయికి మొదటి వంతే వచ్చింది. ముందు కావాలనే ఒక తప్పు అక్షరం కొట్టించి, దాన్ని ఎలా చెరపాలో చూపించాను. ఆ తర్వాత తన పేరు, వాళ్లమ్మ పేరు కొట్టింది, బెల్ మోగినా లేవలేదు. సాయంత్రం గంట గురించి రేపు హెడ్మాస్టర్ గారిని అడుగుతాను, తాళం నా దగ్గరే ఉంచమంటాను.