సాల్ట్ పేరు ముందే పట్టేసి, ప్రొసీజర్ తర్వాత రాసుకుంటే తప్పేంటి?

బైపీసీ_సెకండియర్: వచ్చే వారం మాకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. పేరు చెప్పకుండా ఒక సాల్ట్ (లవణం) ఇస్తారు, వరసగా పరీక్షలు చేసి అదేంటో కనుక్కోవాలి. నీలంగా ఉంటే కాపర్, ఘాటు వాసనొస్తే అమ్మోనియం, వెనిగర్ వాసనొస్తే ఎసిటేట్ అని సీనియర్ అన్న చెప్పాడు. ఏ పరీక్షకి ఏం కనిపిస్తుందో చెప్పే టేబుల్ కంఠతా వస్తే మిగతా పేపర్ నింపెయ్యొచ్చట. ఏడాదంతా కలిపి మమ్మల్ని ల్యాబ్‌కి తీసుకెళ్లింది నాలుగుసార్లే. ఉన్న ఆరు రోజులూ బట్టీకే పెట్టడం మేలు కదా?

తెల్ల_అవక్షేపం: వద్దు తమ్ముడూ. నేను అలాగే వెళ్లి దెబ్బతిన్నాను. నాకొచ్చింది లెడ్ నైట్రేట్. తెల్లటి పొడి, వాసన లేదు. బేరియం, జింక్, మెగ్నీషియం ఉప్పులూ అలాగే ఉంటాయి, రంగు చూసి ఏం పట్టగలవు? వేడి చేసి కరిగించిన ద్రావణం చల్లారకముందే సజల హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పోశాను. లెడ్ క్లోరైడ్ తెల్లటి అవక్షేపంగా అడుగుకు దిగాలి, ఏమీ దిగలేదు. లెడ్ క్లోరైడ్ వేడినీళ్లలో కరిగిపోతుందని టేబుల్లో నేను వందసార్లు చదివిన ముక్కే, ఆ నిమిషంలో గుర్తుకురాలేదు. ఒకటో గ్రూపు (హెచ్‌సీఎల్‌తో అవక్షేపం ఇచ్చే లోహాలు) లేదని రాసేశాను. రెండో గ్రూపులో హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) వాయువు పంపితే నల్లటి అవక్షేపం వచ్చింది. ద్రావణానికి రంగే లేకపోయినా కాపర్ అని రాశాను. టెస్ట్‌ట్యూబును రెండు నిమిషాలు కుళాయి కింద చల్లార్చి ఉంటే సరిపోయేది.

పరీక్ష_రోజు: అన్నా, మీ బాధ అర్థమైంది, కానీ రంగు, వాసన చూడటం దొంగదారి కాదు. టేబుల్లో మొదటి మెట్టే అది. ల్యాబే చూపించని కాలేజీ పిల్లాడు టేబుల్ కూడా వదిలేస్తే ఇక చేతిలో ఏముంటుంది? నేను బట్టీతోనే గట్టెక్కాను.

తెల్ల_అవక్షేపం: చూడు, తప్పులేదు. చూసి అక్కడే ఆగిపోవడం తప్పు. పైగా వైవాలో (నోటి పరీక్షలో) బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగేది టేబుల్ కాదు. మూడో గ్రూపులో అమ్మోనియం హైడ్రాక్సైడ్ కంటే ముందు అమ్మోనియం క్లోరైడ్ ఎందుకు వేస్తావని నన్నడిగారు. అది లేకపోతే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువై మెగ్నీషియం కూడా అక్కడే తెల్లగా దిగుతుంది, దాన్ని అల్యూమినియం అనుకుంటాం. కారణం తెలిస్తే వరస దానంతటదే గుర్తుంటుంది.

ల్యాబ్_మేడమ్: నేను జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తాను. బాబూ, టేబుల్ మూసి రోజుకు రెండు సాల్ట్‌లు తీసుకో. ఒక్కో పరీక్షలో ఏం కనిపిస్తుందో, ఎందుకో కాగితం మీద రాసి, అప్పుడు టేబుల్ తెరిచి సరిచూసుకో. నైట్రేట్‌ని పట్టిచ్చే బ్రౌన్ రింగ్ (ట్యూబులో ఏర్పడే గోధుమరంగు వలయం) రాకపోతే ముందు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని అనుమానించు. నిల్వ ఉంటే ఫెర్రిక్‌గా మారిపోతుంది, అప్పటికప్పుడు కలుపుకోవాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ట్యూబు వంచి గోడ వెంబడి మెల్లగా జార్చాలి. ఆ తర్వాత ట్యూబు కదపకూడదు. రింగ్ చెదిరిపోతుంది.

బైపీసీ_సెకండియర్: థాంక్యూ మేడమ్. ఈ రాత్రికి లెడ్ నైట్రేట్, అమ్మోనియం కార్బొనేట్. రాసి ఇక్కడే పెడతాను, తప్పులుంటే చెప్పండి.